మైదానంలో ఎవరికి చోటు?
క్రీడా ప్రదర్శనశాల, సమాజ చరిత్ర: అనంతగిరిలో చేసిన స్మారకోపన్యాసం



వికారాబాదు, తాండూరు, పరిగి, కొడంగల్ ప్రాంతాల బడుల్లో పిల్లలచేత ఆటలాడించి, ఆ పనిలోనే జీవితం గడిపి కాలం చేసిన వ్యాయామ ఉపాధ్యాయుల స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. స్మారకోపన్యాసం సాధారణంగా ఒక్కరి పేరున జరుగుతుంది. ఈ రోజు మనం తలచుకుంటున్నది ఒక వృత్తిని. వారు తీర్చిదిద్దిన క్రీడాకారుల పేర్లు కొన్ని పత్రికలకెక్కాయి. వారి పర్యవేక్షణలో ఆరోగ్యంగా, ధైర్యంగా ఎదిగిన వేలమంది పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. వారి సొంత పేర్లు కూడా పాఠశాల చరిత్రల్లో అరుదు. ఆ లోటును మాటల్లోనైనా కొంత తీర్చే అవకాశం నాకు ఇచ్చినందుకు నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి.

ఈ సభకు అనంతగిరి తగిన చోటు. అనంతపద్మనాభస్వామి కార్తీక జాతరకు ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చే కొండ ఇది. మూసీ నది పుట్టిన కొండ. క్షయకు సరైన మందులు లేని కాలంలో శుభ్రమైన గాలి, విశ్రాంతి, మితమైన నడక చికిత్సగా ఉన్నప్పుడు, రోగుల కోసం నిజాం ప్రభుత్వం ఎంచుకున్న చోటు కూడా ఇదే. మనిషి శరీరం బాగోగులు ఒక్క ఇంటి బాధ్యత కావు, సమాజం మొత్తానివి అనే ఎరుక ఈ కొండ చరిత్రలోనే ఉంది. నా విషయానికి అదే పునాది.

నేను ఎంచుకున్న విషయం, క్రీడల చరిత్రను ఒక ప్రదర్శనశాలలో ఎలా చూపాలన్నది. క్రీడా ప్రదర్శన అనగానే అద్దాల బీరువా, అందులో వెండి కప్పులు, గోడల మీద ఫొటోలు గుర్తొస్తాయి. అవి ఉండవలసినవే. అయితే కప్పు చెప్పేది గెలిచినవారి పేరు, గెలిచిన సంవత్సరం. ఆ పోటీలో పాల్గొనే హక్కు ఎవరికి ఉండేదో, ఆటస్థలం ఎవరి సొత్తో, ఆడేవారికి తిండి, బూట్లు, తీరిక ఎక్కడి నుంచి వచ్చాయో కప్పు చెప్పదు. మైదానంలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని గీత బయట నిలబెట్టారు, ఆ గీతను ఎవరు, ఎట్లా చెరిపారు అన్నదే క్రీడా చరిత్ర అసలు కథ అని నా ప్రతిపాదన. పతకాలు ఆ కథలో చివరి పుటలు.

లోకం చూపుతున్న దారి

ఈ ఆలోచన కొత్తది కాదు. 2024లో పారిస్‌లో ఒలింపిక్ క్రీడలు జరుగుతున్న వేళ, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫిట్జ్‌విలియం మ్యూజియం 1924 నాటి పారిస్ ఒలింపిక్స్ మీద ఒక ప్రదర్శన పెట్టింది. క్రీడ, కళ, శరీరం గురించి ఆనాటి సమాజం ఏమనుకుందో చూపడం దాని ఉద్దేశం. అదే ఏడాది పారిస్‌లోని పోర్ట్ డొరే భవనంలో ఒలింపిక్ ఉద్యమాన్ని వలసల, వివక్షల, హక్కుల చరిత్రగా చూపిన మరో ప్రదర్శన జరిగింది. 1924లో పారిస్‌లో పోటీపడ్డవారిలో స్త్రీలు నూటికి ఐదుగురైనా లేరు. 2024 నాటికి స్థానాల్లో సగం వారికి కేటాయించారు. ఈ రెండు అంకెల మధ్య నూరేళ్ళ పోరాటం ఉంది. పతకాల పట్టికలో అది కనిపించదు.

దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి జైలు ఇప్పుడు మ్యూజియం. అక్కడి రాజకీయ ఖైదీలు 1960లలో ఫుట్‌బాల్ ఆడే హక్కు కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్నారు. హక్కు వచ్చాక మకానా ఫుట్‌బాల్ సంఘాన్ని స్థాపించి, అంతర్జాతీయ నిబంధనల ప్రకారం లీగు నడిపారు, రిఫరీలకు శిక్షణ ఇచ్చారు, ఫిర్యాదులను లిఖితపూర్వకంగా విచారించారు. 2007లో ఫిఫా ఆ సంఘానికి గౌరవ సభ్యత్వం ఇచ్చింది. అక్కడ మిగిలిన కాగితాల్లో గోల్స్ లెక్కలున్నాయి. వాటిని చదివే సందర్శకుడికి అర్థమయ్యేది మాత్రం, పాలనలో భాగం దక్కని మనుషులు ఆట ద్వారా తమను తాము పాలించుకోవడం ఎట్లా సాధన చేశారన్నది.

ఆ 1924 పారిస్ క్రీడల్లో మన హైదరాబాదీ ఒకరున్నారు. సయ్యద్ మహమ్మద్ హాదీ అక్కడ భారతదేశం తరఫున టెన్నిస్ ఆడారు. కేంబ్రిడ్జిలో చదివిన హాదీ క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, పోలో, టేబుల్ టెన్నిస్, చదరంగాల్లో కూడా ప్రవీణులు. అందుకే ఆయనను ‘రెయిన్‌బో హాదీ’ అన్నారు. 1934–35లో రంజీ ట్రోఫీ మొదలైనప్పుడు దాని తొలి శతకం ఆయనదే, మద్రాసు మీద 132 నాటౌట్. ఆ ప్రతిభకు నమస్కరించాలి. అంతటి ప్రతిభ అన్ని దిక్కుల్లో విరిసేందుకు ఎలాంటి బడి, ఎలాంటి మైదానాలు, ఎంత తీరిక కావలసి వచ్చాయో కూడా ఆయన ఫొటో పక్కనే చెప్పాలి. అదే కాలంలో ఈ కొండ కింద పశువుల వెంట నడిచిన పిల్లల్లో హాదీ వంటివారు ఉండలేదని ఎవరనగలరు?

మల్లుడు, జాతర, తాలీం

మన ప్రాంతపు చరిత్ర ఇంకా వెనకటిది. తాండూరు సరిహద్దు దాటితే కొద్ది దూరంలోనే రాష్ట్రకూటుల మాన్యఖేటం, నేటి మల్ఖేడ్. ఇంకా వాయవ్యంగా వెళితే చాళుక్యుల కల్యాణం. పన్నెండో శతాబ్దిలో ఆ కల్యాణాన్ని ఏలిన మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో రచించిన ‘మానసోల్లాసం’లో మల్లవినోదానికి ప్రత్యేకంగా చోటుంది. వయసును, బలాన్ని బట్టి మల్లులను తరగతులుగా విభజించడం, వారి ఆహారం, సాధన, పట్లు, పోటీ జరిపే తీరు అందులో ఉన్నాయి. క్రీడా శిక్షణను శాస్త్రంగా ఆలోచించినవారు మన పొరుగున తొమ్మిది వందల ఏళ్ళ కిందటే ఉన్నారు. అయితే పుస్తకం పేరులోనే ఉన్నట్టు అది రాజుగారి ఉల్లాసం. మల్లుడి బలం రాజుగారి కొలువుకే. ఓడిన మల్లుడి ఇల్లు ఎట్లా గడిచిందో ఆ గ్రంథం పట్టించుకోలేదు.

రాజకొలువులు పోయాక కుస్తీని బతికించింది జాతర. కన్నడ, మరాఠీ సీమలను ఆనుకొని ఉన్న మన తెలంగాణ పల్లెల్లో కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడెంతో ముగిసే కుస్తీలు నేటికీ జరుగుతాయి. ఊరు చందాలు వేసుకుని పోషించిన ఆట అది. అక్కడ పట్టు పట్టడానికి కులం, మతం, భాష అడ్డు రావని గర్వంగా చెప్పుకుంటాం. చాలాచోట్ల అది నిజం. ఆ బరి చుట్టూ కూర్చునే హక్కు ఆడవారికి ఎప్పుడొచ్చింది, అందరూ ఒకే కుండ నీళ్ళు తాగారా అన్న ప్రశ్నలనూ ప్రదర్శన అడగాలి. ఆ ప్రశ్నలు జాతరను తక్కువ చేయవు. అది సాధించిన సమానత్వం ఎంత విలువైనదో, ఇంకా ఎంత మిగిలి ఉందో రెండూ తెలియజేస్తాయి.

హైదరాబాదు రాజ్యపు పట్టణాల్లో కుస్తీ నేర్పే తాలీంలు, వ్యాయామశాలలు ఉండేవి. 1930లలో ఆర్యసమాజం వాటిని విరివిగా నడిపింది. సభ జరపాలన్నా గస్తీ నిషాన్ 53 అనే ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం అనుమతి తీసుకోవలసిన రోజులవి. గ్రంథాలయం ఎట్లా చైతన్య కేంద్రమైందో, కర్రసాము నేర్పే చోటు అట్లాగే అయింది. శరీరాన్ని దృఢపరచుకోవడం కూడా రాజకీయమైన కాలం అది. దానికి ముందే తీరాంధ్రలో వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు తన సర్కస్ కంపెనీతో దేశమంతా తిరిగి, పరాధీనులమన్న నిస్పృహలో ఉన్న ప్రజలకు బలం ఎట్లా ఉంటుందో చూపారు. ఆ ప్రదర్శనలు చూసినవారు ఇంటికి పట్టుకుపోయింది ఆత్మవిశ్వాసం.

ఇద్దరు నాయకులు

సంపదకూ సామర్థ్యానికీ మైదానంలో జరిగిన ఘర్షణను చూపాలంటే క్రికెట్‌ను మించిన ఉదాహరణ లేదు. 1930–31లో నవాబ్ మొయినుద్దౌలా పేరిట బంగారు కప్పు పోటీలు సికింద్రాబాదులో ప్రారంభమయ్యాయి. దేశంలోని గొప్ప ఆటగాళ్ళు ఇక్కడికి వచ్చి ఆడారు. పోషణ నవాబులది, మహారాజులది. పోషకుడు ఆటగాడికి అన్నం పెట్టగలడు, అవమానమూ పెట్టగలడు.

అద్దాల బీరువాలో రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచాలని నా కోరిక. మొదటిది కల్నల్ సి.కె.నాయుడుది. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన నాయుడు 1926 డిసెంబరులో బొంబాయిలో, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. భారత్ టెస్ట్ హోదాకు తగునని చాటిన ఇన్నింగ్స్ అది. 1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నాయకుడు పోర్‌బందర్ మహారాజు. లార్డ్స్‌లో తొలి టెస్ట్ నాటికి ఆయన పక్కకు తప్పుకొని నాయుడికి దారి ఇచ్చారు. రెండవది విజయనగరం మహారాజకుమార్‌ది. 1936 ఇంగ్లండు పర్యటనలో నాయకత్వం ఆయన చేతికి వచ్చింది. జట్టులోని ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను టెస్టులు మొదలుకాక ముందే ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో నాయకుడు చేసిన పరుగులు 33. ఇద్దరూ తెలుగువారే. ఒకరికి నాయకత్వం ఆటతో వచ్చింది, ఇంకొకరికి హోదాతో. నాలుగేళ్ళ తేడాలో జరిగిన ఈ రెండు ఘట్టాలు నాటి సమాజం ఎటూ తేల్చుకోలేక నలిగిన స్థితిని చూపుతాయి.

వారి వెనుక ఇంకో చిత్రం ఉండాలి. పూనాకు చెందిన పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండు పర్యటనలో 114 వికెట్లు తీసిన ఎడమచేతి స్పిన్నర్. అంటరానివాడన్న కారణంతో విరామ వేళ ఆయనకు బయట, మట్టిపాత్రలో టీ ఇచ్చేవారు. బంతి చేతులు మారవచ్చు గాని కప్పు చేతులు మారకూడదన్న ఆ నీతిని దాచిపెడితే మన క్రీడా చరిత్ర అబద్ధమవుతుంది. మతాలవారీగా జట్లు తలపడే పోటీల్లో హిందువుల జట్టుకు ఆయన తమ్ముడు విఠల్ 1923లో నాయకుడయ్యారు. ఆ గీతను చెరిపినది ఎవరి దయో కాదు, ఆ అన్నదమ్ములు ఏళ్ళ తరబడి చూపిన సామర్థ్యం, వారి పక్షాన నిలిచిన ప్రజాభిప్రాయం.

బడి నుంచి మెల్బోర్న్ దాకా

ఇప్పుడు నేను ఈ సభకు అత్యంత ఆప్తుడైన వ్యక్తి దగ్గరికి వస్తున్నాను. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది ఆటను కూడా పాఠంలాగే చెప్పారు. 1940ల తొలినాళ్ళలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఒక్కరే బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకొని పరుగెత్తకూడదన్న నియమంతో ఒక పోటీ, అలవాటు లేని కాలితోనే ఆడాలన్న నియమంతో మరో పోటీ పెట్టారు. పిల్లవాడు ఎక్కడ బలహీనంగా ఉన్నాడో అక్కడ సాధన చేయించడం మంచి ఉపాధ్యాయుడి పద్ధతి. తోటివాడికి బంతి అందించడం నేర్పడం మంచి పౌరుణ్ణి చేసే పద్ధతి.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పును నిలబెట్టుకుంది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1952లో హెల్సింకిలో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. నాలుగేళ్ళకు మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ నాలుగేళ్ళలో జరిగినదాని పేరు విద్య. రహీం 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన జీవితం మీద ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చింది. ఆ పని ఆయన సొంత నగరంలోని మ్యూజియం ఎంతో ముందే చేయవలసింది.

ఈ విజయాల వెనక సమాజాన్ని చూడండి. ఆ జట్టును నిలబెట్టినవారు పేద, మధ్యతరగతి ఇళ్ళ పిల్లలు. పోలీసు శాఖలో ఉద్యోగం వారికి జీతం ఇచ్చింది, జీతం తీరిక ఇచ్చింది, తీరిక ఆట ఇచ్చింది. అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పోలీసులు వాడి వదిలేసిన బూట్లను చెప్పులు కుట్టే అతని చేత ఆటకు పనికొచ్చేలా చేయించుకొని రహీం దగ్గరికి వెళ్ళారు. తర్వాత మెల్బోర్న్‌లో ఆడారు. నా మాట వింటే ఏ క్రీడా ప్రదర్శనశాల అయినా ఆ బూట్ల కథను డ్యూరాండ్ కప్పు కన్నా ముందు చెబుతుంది. హైదరాబాదు ఫుట్‌బాల్ తర్వాత ఎందుకు క్షీణించిందన్న ప్రశ్నకూ జవాబు అక్కడే ఉంది. కలకత్తా క్లబ్బులు మంచి ఆటగాళ్ళను తీసుకుపోయాయి. బలరాం, నయీముద్దీన్, హబీబ్ వంటివారు అక్కడే పేరు తెచ్చుకున్నారు. నగరంలో ఖాళీ స్థలాలు ఇళ్ళయ్యాయి, బడులు మైదానాలు లేని మేడల్లోకి వెళ్ళాయి. ప్రతిభ తగ్గలేదు, దాన్ని మోసిన నేల తగ్గింది.

బరువెత్తిన చేతులు

ఉత్తరాంధ్ర పల్లెల్లో పండుగలకు సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు మగవారి బలప్రదర్శనలు. ఆ నేలనుంచే, ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు చోటిచ్చిన మొదటి సంవత్సరం కూడా అదే. తలుపు తెరిచిన రోజునే లోపలికి నడిచి పతకంతో వచ్చారంటే, అంతకుముందు తలుపు మూసి ఉంచడంలో న్యాయం ఎంతో చెప్పనక్కరలేదు.

నిజామాబాదు జిల్లా పాకాల నుంచి మలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆమె సాధన మొదలైనది భువనగిరి గుట్ట మీద. ఆమెను పంపినది సాంఘిక సంక్షేమ గురుకులం. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి చేసుకునే తల్లిదండ్రులకు పుట్టిన దీప్తి జీవాంజి మేధో వైకల్యం కారణంగా ఊళ్ళో హేళనకు గురయ్యారు. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం, ఆ తర్వాత పారిస్‌లో కాంస్యం సాధించారు. రహీం నుంచి కల్లెడ దాకా ఒకే పరంపర కనిపిస్తోంది. గీత చెరిగిన ప్రతిచోటా ఒక ఉపాధ్యాయుడు గాని, ఒక ప్రజాసంస్థ గాని ఉంది.

అనంతగిరి ప్రదర్శనశాల

ఇక మన ప్రాంతం సంగతి. 1874లో సికింద్రాబాదు నుంచి వాడి వరకు పడిన రైలుమార్గం వికారాబాదు, తాండూరుల మీదుగా వెళ్ళింది. తాండూరు బండ నగరాల ఇళ్ళల్లో, వరండాల్లో పరుచుకుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బండను, పంటను దేశానికి పంపిన ఈ నేల తన ఆటల జ్ఞాపకాన్ని ఒకచోట పోగు చేసుకోలేదు. అలాంటి గది ఒకటి ఇక్కడ ఏర్పడాలని ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను.

ఆ గదిలో మొదటి వస్తువు ఒక అరుగు బండ కావాలి, పులి–మేక గీతలు చెక్కి, ఆడీ ఆడీ నునుపు దేలిన బండ. చిర్రగోనె, బొంగరం, వామనగుంటల పీట దాని పక్కన ఉండాలి. వాటిని ఎవరు, ఏ పని ముగిశాక, ఏ కాలంలో ఆడేవారో ముసలివారి గొంతులోనే వినిపించాలి. జాతర కుస్తీల వెండి కడెం ఉండాలి, దాన్ని గెలిచినవాడి దినకూలి ఎంతో పక్కన రాయాలి. గనిలో రోజంతా బండలు మోసిన మనిషికి సాయంత్రం ఆడే శక్తి, తీరిక మిగిలేవా అని ఆ ప్రదర్శన అడగాలి. శ్రమలో ఉన్న బలాన్ని గౌరవించని సమాజం క్రీడలో బలాన్ని మెచ్చుకోవడంలో అర్థం లేదు. బడుల హాజరు పుస్తకాలు, జోన్ పోటీల జట్ల ఫొటోలు, ఖోఖో ఆడి పెళ్ళితో ఆట మానేసిన అమ్మాయిల మాటలు అక్కడ చేరాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక పటం ఉండాలి. ఈ జిల్లాలో యాభై ఏళ్ళ కిందట పిల్లలు ఆడుకున్న ప్రతి స్థలాన్నీ అందులో గుర్తించాలి. నేడు అక్కడ ఏముందో దాని మీదే చూపాలి. 2022లో ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు ప్రారంభించింది. వాటిలో ఏవి ఆటతో కళకళలాడుతున్నాయో, ఏవి బోర్డుకే పరిమితమయ్యాయో ఆ పటం చెప్పాలి. వారాంతాల్లో నగరం నుంచి జనం ఈ కొండ ఎక్కడానికి, కోటిపల్లి జలాశయంలో పడవలు నడపడానికి వస్తున్నారు. వారు రావడం సంతోషం. ఆ నీళ్ళ ఒడ్డున పుట్టిన పిల్లలు కూడా అదే పడవలో సాధన చేసి పోటీలకు వెళ్ళే రోజు రావాలి. ఊరి పిల్లలు గట్టు మీద నిలబడి చూసేచోట పాత గీత కొత్త రంగు వేసుకుందనే అర్థం.

ఈ ప్రదర్శనశాలకు పెద్ద భవనం కోసం వేచి ఉండనక్కరలేదు. ప్రతి బడీ తన ఆటల రిజిస్టరును వెనక్కి వెళ్ళి రాసుకోవడం ఈ సంవత్సరమే ప్రారంభించవచ్చు. ఆడినవారి పేర్లు, ఆడించినవారి పేర్లు, ఆడిన స్థలం, ఆ స్థలం ఎవరి పేరున ఉందో సర్వే నంబరుతో సహా అందులో ఉండాలి. విద్యార్థులే తాతలను, నానమ్మలను అడిగి రాస్తే, అది వారికి చరిత్ర పాఠమూ అవుతుంది, ఆ నేలకు రక్షణ పత్రమూ అవుతుంది. పేరున్న మైదానాన్ని, చరిత్ర ఉన్న మైదానాన్ని ఆక్రమించడం కష్టం.

మనం ఈ రోజు స్మరించిన ఉపాధ్యాయులు పిల్లలను వరుసలో నిలబెట్టేటప్పుడు ఎవరి ఇల్లు ఏదో చూడలేదు, ఎవరి కాలు ఎట్లా పడుతుందో చూశారు. ఆ చూపును వ్యక్తుల మంచితనానికి వదిలేయకుండా బడి నియమంగా, ఊరి నియమంగా, ప్రభుత్వ బాధ్యతగా మార్చడమే వారికి మనం చెల్లించగల రుణం. ఈ జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డకూ, ఆడబిడ్డకూ, అంగవైకల్యం ఉన్న బిడ్డకూ నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఒక మైదానం, అక్కడ పేరు పెట్టి పిలిచే ఒక గురువు ఉండాలి. అది దయతో ఇచ్చే సౌకర్యం కాదు, పౌరహక్కు. క్రీడా చరిత్రను ప్రదర్శించే ప్రతి గదీ ఆ హక్కును గుర్తుచేయాలి, అది అందని ఊళ్ళ పేర్లు గోడ మీద రాసి అడగాలి.